డబుల్ బాస్ కమాను: బరువు నడిచే దారి

జర్మన్ స్వరకర్త వాగ్నర్ రాసిన సంగీత నాటకం 'దాస్ రైన్‌గోల్డ్' 1869లో మ్యూనిక్‌లో మొదటిసారి రంగస్థలమెక్కింది. అందులో మొదట వచ్చే సంగీతం 136 బార్లూ (తాళపు గళ్ళు) ఈ-ఫ్లాట్ అనే స్వరం మీదే నిలబడి ఉంటుంది. అట్టడుగున ఆ స్వరాన్ని మోసేవి ఫిడేలు తరహాలో కమానుతో వాయించే పెద్ద నిలువు వాద్యాలు, డబుల్ బాస్‌లు. ఈ వాద్యపు అడుగు తీగ మామూలుగా 'ఈ' దగ్గరే ఆగిపోతుంది కనుక, వాయించేవాళ్ళలో సగంమంది ఆ తీగను అరస్వరం దించుకుని మరీ సిద్ధం కావాలి. వినేవాళ్ళకు అది నది అడుగున మెల్లగా కదిలే నీళ్ళలా ఉంటుంది. వాయించేవాళ్ళకు మాత్రం సుమారు నాలుగు నిమిషాల కుడిచేతి పరీక్ష. ఎడమచేతికి దాదాపు పని లేదు. వేగం లేదు, పరుగు లేదు. కమాను తీగ మీద ఆగకుండా, వణక్కుండా, అలసట బయటపడకుండా నడవాలి, అంతే.

అలాంటి వాయింపు తర్వాత ఎక్కడ నొప్పెట్టిందని అడిగితే చాలామంది బొటనవేలు చూపిస్తారు. వెంటనే మాట పట్టు మీదికి మళ్ళుతుంది. ఫ్రెంచ్ పట్టు మంచిదా, జర్మన్ పట్టు మంచిదా? ఆ వాదన పాతది, సరదాగానూ ఉంటుంది. కానీ బొటనవేలి నొప్పికి మూలం చాలాసార్లు బొటనవేలి దగ్గర ఉండదు. రెండడుగుల పైన భుజంలో ఉంటుంది, లేదా ఇంకా కింద, వాద్యాన్ని నేలమీద నిలబెట్టే ఇనుప ఊత పొడవులో ఉంటుంది. పట్టు మార్చినా నొప్పి పోలేదని చెప్పేవాళ్ళ విషయంలో జరిగేది ఇదే.

ముందు ఆ రెండు పట్టుల సంగతి. ఫ్రెంచ్ పట్టులో చెయ్యి కమాను కర్ర మీదినుంచి దిగుతుంది, ఫిడేలు వాయించేవాళ్ళు పట్టుకున్నట్టే. కమాను మొదట్లో గుర్రపు వెంట్రుకలను బిగించి ఉంచే నల్లచెక్క ముక్కను ఫ్రాగ్ అంటారు. బొటనవేలు కొద్దిగా వంగి, కర్రా ఫ్రాగూ కలిసే మూలలో ఆనుతుంది. మిగతా నాలుగు వేళ్ళు అవతలి వైపునుంచి ఫ్రాగ్ మీదుగా వేలాడతాయి. జర్మన్ పట్టులో చెయ్యి వెనకనుంచి వచ్చి ఫ్రాగ్‌నే అరచేతి గుంటలోకి తీసుకుంటుంది. బొటనవేలు కర్ర పైన, చూపుడువేలు, మధ్యవేలు పక్కన, ఉంగరపువేలు ఫ్రాగ్ లోపలి ఖాళీలో, చిటికెనవేలు అడుగున ఉంటాయి. అందుకే జర్మన్ కమాను ఫ్రాగ్ ఎత్తుగా చేస్తారు. దూరంనుంచి చూస్తే వడ్రంగి రంపం పట్టినట్టు కనిపిస్తుంది.

ఈ రెండింటిలో జర్మన్ పట్టు పాతది. యూరప్‌లో ఒకప్పుడు బాగా వాడుకలో ఉన్న వయోల్ కుటుంబపు వాద్యాలను అరచెయ్యి పైకి తిప్పే వాయించేవారు. వెంట్రుకల మీద వేలు ఆనించి బిగువును అక్కడికక్కడే సర్దుకునేవారు కూడా. డబుల్ బాస్‌కు ఆ కుటుంబంతో చుట్టరికం ఉంది. పాశ్చాత్య ఫిడేలులో తీగకూ తీగకూ మధ్య స–ప దూరం ఉంటే, బాస్‌లో స–మ దూరం. వయోల్‌లోనూ ఎక్కువ తీగల మధ్య అంతే. వెనిస్‌లో పుట్టి 1794లో లండన్ చేరిన డొమెనికో డ్రాగొనెట్టి (1763–1846) తన తరంలో ఈ వాద్యానికి తిరుగులేని పేరు. ఆయన కమాను బయటికి వంగిన విల్లులా ఉండేది, పట్టు కిందినుంచి. తర్వాతి తరంలో అంత పేరు తెచ్చుకున్న జొవాన్ని బొటెసీని (1821–1889) కమానును చెల్లో (ఫిడేలుకూ బాస్‌కూ మధ్య సైజు వాద్యం) పద్ధతిలో పైనుంచి పట్టుకున్నాడు. 1871లో కైరోలో వెర్డి సంగీత నాటకం 'అయీదా' తొలి ప్రదర్శనను నడిపించిన సంగీత నిర్వాహకుడు ఈయనే. ఇద్దరూ ఇటలీవాళ్ళు, ఇద్దరూ మూడు తీగల బాస్ వాయించినవాళ్ళు, పట్టులు మాత్రం వేరు. అందుకే ఫ్రెంచ్, జర్మన్ అనే పేర్లను మరీ పట్టించుకోనక్కర్లేదు.

ఈరోజు వియన్నా ఫిల్‌హార్మోనిక్‌లోనూ బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌లోనూ కనిపించేది జర్మన్ పట్టు. పారిస్‌లో ఫ్రెంచ్ పట్టు. బ్రిటన్‌లో ఎక్కువమందిది ఫ్రెంచ్. అమెరికా ఆర్కెస్ట్రాల్లో పక్కపక్క కుర్చీల్లోనే రెండూ కనిపిస్తాయి. ఒక పట్టు చేతిని పాడుచేసేదే అయితే ఈపాటికి ఏదో ఒక నగరంలో బాస్ వరుస ఖాళీ అయిపోయి ఉండేది.

అయితే శరీరం దృష్టిలో రెండూ ఒకటి కావు. నిలబడి చేతులు వదిలేస్తే అరచేతులు తొడలవైపు తిరిగి ఉంటాయి. జర్మన్ పట్టు ఆ సహజ స్థితికి దగ్గరగా ఉంటుంది. ఫ్రెంచ్ పట్టుకు ముంజేతిని లోపలికి తిప్పాలి, అంటే ముంజేతిలోని రెండు ఎముకలు ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా పడాలి. తిప్పడం తప్పేమీ కాదు; తాళంచెవి తిప్పినప్పుడు, అన్నం కలిపినప్పుడు చెయ్యి రోజూ చేసే పనే. తిప్పిన చోటే గంటలకొద్దీ ఆపి ఉంచితే మాత్రం మోచేతి దగ్గరి కండరాలు అలసిపోతాయి. బదులుగా ఫ్రెంచ్ పట్టులో వేళ్ళకు చురుకు ఎక్కువ, కమానును తీగ మీద ఎగిరించే వాయింపు సులువు అంటారు. జర్మన్ పట్టులో మందపాటి కింది తీగల మీద బలం తేలిగ్గా దొరుకుతుంది అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. రెండింటినీ అబద్ధం చేసి చూపించే వాద్యకారులూ ఉన్నారు.

అసలు చిక్కు భూమ్యాకర్షణతో మొదలవుతుంది. ఫిడేలు తీగలు దాదాపు బల్లపరుపుగా ఉంటాయి. కమానును వాటిమీద పెడితే దాని బరువు తిన్నగా తీగలోకే దిగుతుంది. డబుల్ బాస్ నిలువు వాద్యం. తీగలు వాయించేవాళ్ళకు అవతలి వైపు, శ్రోతలవైపు తిరిగి ఉంటాయి. చెయ్యి వాద్యం కుడిపక్కనుంచి చుట్టి ముందుకు వెళ్ళి, తీగను తనవైపు అదమాలి. అంటే బాస్ మీద ఒత్తిడి కిందికి కాదు, వెనక్కి. కమాను బరువేమో తీగలోకి దిగకుండా, తీగ వెంబడి కిందికి, తీగలను ఎత్తిపట్టే చెక్క బ్రిడ్జివైపు జారాలని చూస్తుంది.

వాద్యం ఎంత వాలితే అంత మేలు అన్నది ఇక్కడ లెక్కకు అందే విషయం. నిలువునుంచి 15 డిగ్రీలు వెనక్కి వాలితే బరువులో నాలుగో వంతు తీగమీదికి పనిచేస్తుంది. 30 డిగ్రీలు వాలితే సగం. బాస్ కమాను సుమారు 130 గ్రాములు ఉంటుందనుకుంటే, 15 డిగ్రీల వాలులో తీగకు అందేది ముప్పై మూడు, ముప్పై నాలుగు గ్రాములే. మిగతాది చెయ్యి మోయాలి. బరువైన కమాను కొంటే శబ్దం దానంతటదే వస్తుందన్న నమ్మకం ఫిడేలు అనుభవంలోంచి వచ్చింది. బరువైన కమాను నిలకడగా కదులుతుంది, అది నిజమే. కానీ నిలువు వాద్యం మీద ఆ అదనపు గ్రాముల్లో ఎక్కువ భాగం మోసేది చిటికెనవేలూ ఉంగరపువేలూ.

'చెయ్యి పూర్తిగా వదులు చెయ్యి' అనే సలహా బాస్ దగ్గర పనికిరాకపోవడానికి కారణం కూడా ఇదే. పూర్తిగా వదులు చేస్తే కమాను నేలమీద పడుతుంది! తీగను పలికించే బలం ఎక్కడినుంచో ఒకచోటునుంచి రావాలి. వేళ్ళనుంచి వద్దు అనడం తేలిక, మరి ఎక్కడినుంచి అన్నది చెప్పకపోతే నేర్చుకునేవాళ్ళు మళ్ళీ వేళ్ళనే బిగిస్తారు. ఈసారి ఇంకొంచెం అపరాధభావంతో.

జవాబు భుజం కింద వేలాడుతూనే ఉంది. మనిషి బరువులో ఒక్కో చెయ్యి సుమారు ఇరవయ్యో వంతు. 60 కిలోల మనిషి చెయ్యి దాదాపు 3 కిలోలు. తీగకు కావలసినదానికంటే ఇది చాలా ఎక్కువ. దాన్ని పైనుంచి వెనక్కి మళ్ళించడమే నేర్వాల్సిన పని. బావిలో చేద తోడేవాళ్ళను చూస్తే ఇది అర్థమవుతుంది. అలవాటు లేనివాళ్ళు మోచేతులతో, వేళ్ళతో గుంజి నాలుగు చేదలకే ఆయాసపడతారు. అలవాటున్నవాళ్ళ వేళ్ళు తాడుకు కొక్కెంలా తగులుకుని ఉంటాయి. లాగేది వెనక్కి వాలే ఒళ్ళు. బాస్ కమాను కూడా తీగకు తగిలించిన కొక్కెం లాంటిదే. రెక్క ఎముక వెన్నువైపు కుదురుగా ఉండి, మోచెయ్యి బరువుగా వేలాడుతూ, ఒళ్ళు అరంగుళం వెనక్కి ఒరిగితే ఆ బలం దండచెయ్యి, ముంజెయ్యి, మణికట్టు మీదుగా తీగకు చేరుతుంది. దారిలో ఏ కీలు బిగుసుకుంటే ఆ కీలు దగ్గర బలం ఆగిపోతుంది. ఆగిన బలానికి బదులు వేళ్ళు పనిచేస్తాయి, నొప్పి అక్కడే మొదలవుతుంది.

బిగుసుకునే చోట్లలో మొదటిది భుజం పైభాగం. చెవివైపు లేచిన భుజంతో వాయించేవాళ్ళు తాము బలంగా వాయిస్తున్నామనుకుంటారు. నిజానికి భుజం లేవగానే చేతి బరువు మెడ కండరాలకు వేలాడుతుంది, తీగకు ఏమీ మిగలదు. తెలుసుకోవడానికి అద్దం ఒక్కటి చాలు.

రెండో చిక్కు కమాను కొస దగ్గర. కమాను మొదట్లో, చేతికి దగ్గరగా, బలం తేలిగ్గా అందుతుంది. కొసకు వెళ్ళేసరికి లెక్క తిరగబడుతుంది. ఫ్రెంచ్ పట్టులో బొటనవేలు ఆనిక, చూపుడువేలు మీట. వాటిమధ్య దూరం 5 సెంటీమీటర్లు అనుకుందాం. తీగ తగిలే చోటు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, కొస దగ్గర 100 గ్రాముల అదనపు ఒత్తిడి కావాలంటే చూపుడువేలు కిలో బరువుతో నొక్కాలి, ఎదురుగా బొటనవేలు 900 గ్రాములు మోయాలి. నాలుగు నిమిషాలు నిలిచే స్వరంలో ప్రతి కమాను చివరా ఇదే లెక్క. బొటనవేలు నొప్పెట్టకపోతేనే ఆశ్చర్యం. జర్మన్ పట్టులో ఈ లెక్క మాయమైపోదు. కర్ర పైనున్న బొటనవేలూ, వెనక ఫ్రాగ్‌ను పట్టి ఉంచే అరచెయ్యీ చిటికెనవేలూ ఆ పనిని పంచుకుంటాయి. అందుకే జర్మన్ పట్టులో నొప్పి వస్తే బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన వస్తుంది.

ఈ మీట లెక్కనుంచి తప్పించుకునే తోవ ఒకటుంది. వేళ్ళతో నొక్కే బదులు ముంజేతిని మొత్తంగా తిప్పడం. చూపుడువేలు తానుగా నొక్కదు, ముంజెయ్యి తిరిగినప్పుడు దానితోపాటు వెళ్ళి కర్రకు ఆనుతుంది. చేసేది పెద్ద కండరం, వేలు కేవలం తగిలే చోటు. కొసవైపు వెళ్తున్నకొద్దీ ఈ తిప్పుడు కొద్దికొద్దిగా పెరగాలి, వెనక్కి వస్తున్నకొద్దీ తగ్గాలి. మొదట్లోనూ కొసలోనూ ఒకే బిగువుతో కమాను పట్టుకునేవాళ్ళు నిజానికి కొసకు కావలసిన బిగువును దారిపొడవునా మోస్తున్నట్టు. పొట్టి చేతులవాళ్ళకు ఇంకో వెసులుబాటు ఉంది, కొసదాకా వెళ్ళకపోవడం! ఆర్కెస్ట్రాలో పక్కవాళ్ళతో కమాను కలవాలన్న పట్టింపు వల్ల ఇది అన్నిచోట్లా కుదరదు. వాగ్నర్ ఈ-ఫ్లాట్ లాంటి చోట మాత్రం ఒకరి తర్వాత ఒకరుగా కమాను తిప్పుకుంటారు, వినేవాళ్ళకు అతుకు తెలియదు, ఎవరికి వీలైన పొడవు వాళ్ళు వాడుకోవచ్చు.

తీగ స్వభావం కూడా చేతిని మోసం చేస్తుంది. అడుగు 'ఈ' తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. అంటే ఒక్క కంపనానికి దాదాపు 24 మిల్లీసెకన్లు. అలాంటివి కొన్ని పూర్తయితే తప్ప స్వరం కుదురుకోదు. ఫిడేలు పై తీగ ఈలోపు పదుల కంపనాలు ముగించి ఉంటుంది. కమాను కదిలిన వెంటనే శబ్దం రాకపోయేసరికి బాస్ వాయించే కొత్తవాళ్ళు ఇంకా గట్టిగా అదుముతారు. కావలసింది అదుము కాదు, కదలికకు ముందు వెంట్రుకలు తీగను పట్టుకోవడం. కమాను ఆగి ఉన్నప్పుడే కొద్ది బరువు తీగమీద వాలి, తీగ ఓ వెంట్రుకవాసి పక్కకు జరిగితే, ఆ తర్వాతి కదలిక తేలికగా ఉంటుంది. పట్టు, జారు, మళ్ళీ పట్టు: కమాను కింద తీగ చేసే పని ఇదేనని 1860ల్లోనే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ వివరించాడు.

1973లో శబ్దశాస్త్ర పరిశోధకుడు జాన్ షెల్లెంగ్ గీసిన ఒక పటం చేతి సుఖానికి నేరుగా పనికొస్తుంది. కమాను బ్రిడ్జికి ఎంత దూరంలో ఉందో దాన్నిబట్టి, తీగ శుభ్రంగా పలకడానికి కావలసిన కనీస ఒత్తిడీ, దాటకూడని గరిష్ఠ ఒత్తిడీ ఎలా మారతాయో అందులో ఉంటుంది. బ్రిడ్జికి దగ్గరయ్యేకొద్దీ రెండూ పెరుగుతాయి, పైగా రెండింటి మధ్య సందు ఇరుకవుతుంది. అంటే అదే గట్టిదనంతో శబ్దం కావాలంటే రెండు దారులున్నాయి: బ్రిడ్జి దగ్గర మెల్లగా, బరువుగా, లేదా కాస్త పైన, వేగంగా, తేలికగా. మొదటి దారిలో స్వరం చిక్కగా, అంచుతో వస్తుంది. రెండో దారిలో చెయ్యి బతికి బట్టకడుతుంది, కానీ కమాను పొడవు తొందరగా అయిపోతుంది. అనుభవం ఉన్నవాళ్ళు ఒకే పుటలో ఇటూ అటూ మారుతుంటారు. నొప్పితో వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఎప్పుడూ మొదటి దారిలోనే ఉంటారు. పైగా బరువును చెయ్యి మోయని కమాను, పైన చెప్పిన జారుడు వల్ల, తెలియకుండానే బ్రిడ్జివైపు దిగిపోతూ ఉంటుంది.

ఇక వాద్యాన్ని నిలబెట్టే తీరు. ఎండ్‌పిన్ అనే కింది ఇనుప ఊతను ఎంత బయటికి లాగాలన్నదానికి వాడుకలో ఉన్న కొలత తల దగ్గర ఉంటుంది: మెడపట్టీ (తీగల కింద ఎడమచేతి వేళ్ళు ఆనే పొడవాటి పట్టీ) పైకొన కనుబొమల ఎత్తుకు రావాలి అంటారు. ఈ కొలత ఎడమచేతికోసం పుట్టింది. కుడిచేతి కొలత వేరు. చెయ్యి వదులుగా వేలాడేసి, మోచెయ్యి కొద్దిగా వంచితే పిడికిలి ఎక్కడికి వస్తుందో, కమాను నడిచే చోటు అక్కడికి రావాలి. పొడుగు కాళ్ళు, పొట్టి చేతులు ఉన్న మనిషికి ఈ రెండు కొలతలూ కలవవు. మెడపట్టీని కనుబొమల దగ్గరికి తెస్తే కమాను చోటు మోకాళ్ళవైపు పోతుంది, కుడిభుజం కుంగుతుంది, నడుము ఒక పక్కకు ఒరుగుతుంది. అలాంటప్పుడు ఊతను పెంచి, ఎడమచేతిని కొద్దిగా సర్దుకోమనడమే మేలు. బోధనా పుస్తకాల్లో ఎడమచేతి వేళ్ళకు కేటాయించిన పుటలతో పోలిస్తే కుడిభుజానికి దొరికే చోటు చాలా తక్కువ.

నిలబడి వాయించేటప్పుడు ఇంకో సమస్య ఉంది. పదికిలోల వాద్యం ఎటో ఒకవైపు పడబోతూ ఉంటుంది. దాన్ని ఆపేది ఎడమచెయ్యీ, పొట్టపక్క ఆనికా. ఆ పట్టుదలలో ఒళ్ళంతా బిగుసుకుంటుంది, కుడిభుజం కూడా. ఎత్తు స్టూలు మీద కూర్చుంటే ఎడమకాలి మీదికి వాద్యాన్ని వాల్చుకోవచ్చు, వాలు కోణమూ పెరుగుతుంది. సిరియాలోని అలెప్పోలో 1931లో పుట్టి ఫ్రాన్స్‌లో పేరు తెచ్చుకున్న ఫ్రాన్సువా రబ్బాత్ వాడకంతో ప్రచారంలోకి వచ్చిన ఒంపు ఎండ్‌పిన్ చేసేదీ ఇదే. ఊత నిటారుగా కాకుండా వెనక్కి ఏటవాలుగా దిగుతుంది, వాద్యం ఇంకా వాలుతుంది, అయినా దాదాపు తనంత తాను నిలబడుతుంది. ఎడమచేతికి మోత పోతుంది, కుడిచేతికి భూమ్యాకర్షణ కొంత సాయపడుతుంది. దీనికోసం వాద్యం అడుగున కొత్త రంధ్రం వేయాలి, అందుకు చాలామందికి మనసొప్పదు.

ఇందులోని ఆలోచన కర్ణాటక సంగీతం ఎరిగినవాళ్ళకు కొత్త కాదు. బాలుస్వామి దీక్షితులు (1786–1858) కాలంలో ఫిడేలు ఇక్కడి కచేరీలోకి వచ్చింది. ఆ వాద్యాన్ని గడ్డం కింద ఇరికించుకోవడం మానేసి, నేలమీద కూర్చుని, ఒక కొనను ఛాతీకీ ఇంకో కొనను కుడిపాదానికీ ఆనించారు. వాద్యం బరువు పాదానికి పోయింది, ఎడమచెయ్యి గమకాలకు విడుదలైంది. వాద్యం చూస్తే బారెడు తేడా, కానీ చిక్కు ఒకటే: చేతికి స్వేచ్ఛ కావాలంటే వాద్యాన్ని మోసే పని ఇంకెవరికైనా అప్పగించాలి.

తీగ మారినప్పుడు చెయ్యి మారే చోటు కూడా తెలిసి ఉండాలి. బ్రిడ్జి పైభాగం విల్లులా వంగి ఉంటుంది. అడుగు 'ఈ' తీగ వాయించేవాళ్ళ కుడివైపు ఉంటుంది, దాన్ని తాకాలంటే చెయ్యి వెనక్కి, తుంటి దగ్గరికి రావాలి. పై 'జి' తీగకు చెయ్యి ముందుకు, ఒంటికి దూరంగా పోవాలి. ఈ ప్రయాణం మోచెయ్యితో చేయాలి. మణికట్టుతో చేస్తే 'ఈ' తీగ దగ్గర మణికట్టు వెనక్కి విరిగినట్టు వంగుతుంది, కమాను వాద్యం అంచుకు కొట్టుకుంటుంది. వేగంగా తీగలు మారే వాయింపులో చిన్న కదలికలకు మణికట్టు సరిపోతుంది, కానీ ఒక తీగ మీద నాలుగు బార్లు ఉండబోతున్నప్పుడు మోచెయ్యి ముందే అక్కడికి చేరి ఉండాలి. కింది తీగ మీద ఎక్కువసేపు వాయించినవాళ్ళకు భుజం వెనకభాగం పట్టేయడానికి ఒక కారణం, మోచెయ్యిని 'జి' దగ్గరే వదిలేసి చేతిని మాత్రం 'ఈ' దగ్గరికి లాక్కురావడం.

సామాను సంగతి రెండు మాటల్లో. వెంట్రుకలను అతిగా బిగిస్తే కమాను తీగ మీద ఎగురుతుంది, దాన్ని ఆపడానికి వేళ్ళు బిగుస్తాయి. తీగను పట్టుకోవడానికి వెంట్రుకలకు రాసే జిగురు, రోజిన్, తక్కువైతే వెంట్రుకలు జారతాయి, జారకుండా ఉండటానికి చెయ్యి అదుముతుంది. అంటే చేతి నొప్పికి మందు కొన్నిసార్లు రోజిన్ డబ్బాలో ఉంటుంది. బాస్ రోజిన్ ఫిడేలుదానికంటే మెత్తన. చలిదేశాల లెక్కలో చేసిన మెత్తటి రకాలు మన ఎండాకాలంలో డబ్బాలోనే కరిగి ఒక పక్కకు పేరుకుంటాయి, మోతాదు మించి అంటుకుంటాయి కూడా. ఇక్కడ కాస్త గట్టి రకం వాడటమో, ఏసీ గదిలో దాచడమో తప్పదు.

తెలుగు శ్రోతకు డబుల్ బాస్ ఎక్కువగా వేళ్ళతో మీటిన శబ్దంగానే పరిచయం, జాజ్‌లోనూ పాత సినిమా పాటల్లోనూ వినిపించే ఆ గుండ్రటి మోత. మీటుడునుంచి కమానుకు వచ్చేవాళ్ళతో ఒక చిక్కుంది. మీటేటప్పుడు కుడిచేతి బొటనవేలు మెడపట్టీ పక్కన ఆని ఉంటుంది, చెయ్యి మొత్తానికి అదే లంగరు. కమాను పట్టగానే ఆ లంగరు పోతుంది, చెయ్యి గాలిలో వేలాడుతున్నట్టనిపిస్తుంది. ఆ భయానికి బొటనవేలు కమానునే లంగరు చేసుకుని బిగుస్తుంది. వీళ్ళకు మొదటి వారాల్లో పొడవైన స్వరాలకంటే, కమానును తీగమీద ఆనించి, కదపకుండా, బరువు దించడం, తీయడం చేయించడం మంచిది. దీనికి కొలమానం ఉంది. కమాను నడుస్తుండగా బొటనవేలిని ఒక్క క్షణం ఎత్తి మళ్ళీ పెట్టగలిగితే అది ఆనుతోంది, ఎత్తలేకపోతే నొక్కుతోంది.

అలసట వేరు, నొప్పి వేరు. దండచెయ్యి, వీపు బరువెక్కడం పనిచేసిన కండరం మాట, మర్నాటికి పోతుంది. మణికట్టులో బొటనవేలి వైపు పొడిచినట్టుండి, గిన్నె ఎత్తినా, పిల్లల్ని ఎత్తుకున్నా నొప్పెడితే అది స్నాయువు తొడుగు వాపు కావచ్చు. స్విస్ సర్జన్ ఫ్రిట్జ్ డి కెర్వాన్ 1895లో వర్ణించిన ఈ జబ్బు పసిబిడ్డల తల్లులకూ తరచుగా వస్తుంది. మోచేతి బయటివైపు నొప్పికి టెన్నిస్ ఎల్బో అనే పేరు అందరికీ తెలిసిందే, దానికి రాకెట్టే అక్కర్లేదు. వేళ్ళలో తిమ్మిరి, రాత్రిళ్ళు చెయ్యి మొద్దుబారడం నరాల సంగతి. వీటిలో ఏది కనిపించినా పట్టు మార్చి చూద్దామనుకోవడం పొరపాటు. ముందు వైద్యుల దగ్గరికి, ఆ తర్వాతే గురువు దగ్గరికి.

నొప్పి వల్ల ఫ్రెంచ్‌నుంచి జర్మన్‌కు మారేవాళ్ళూ, అటునుంచి ఇటు వచ్చేవాళ్ళూ ఉన్నారు. మారినవాళ్ళలో కొందరికి నిజంగానే సుఖం దొరుకుతుంది. ముంజెయ్యి తిరిగే తీరు మారుతుంది కనుక అలసిన కండరాలకు విశ్రాంతి వస్తుంది. అంతకంటే ముఖ్యంగా, కొత్త పట్టు నేర్చుకునేటప్పుడు మనిషి మళ్ళీ మొదటి పాఠం విద్యార్థి అవుతాడు, మెల్లగా వాయిస్తాడు, అద్దం చూసుకుంటాడు, భుజం దించుకుంటాడు. ఆ ఆరునెలల శ్రద్ధ పాత పట్టు మీద పెట్టినా ఫలితం దాదాపు అంతే ఉండేదేమో. మారాలంటే ఖర్చూ ఉంది. ఫ్రెంచ్ కమాను ఫ్రాగ్ పొట్టిది, అరచేతిలో నిండదు, కాబట్టి కమానే కొత్తది కొనాలి. అంతకంటే ముందు, ఎండ్‌పిన్ మర వదులు చేసి, ఊతను రెండు వేళ్ళ మందం పైకో కిందికో జరిపి, ఒక వారం అదే పట్టుతో వాయించి చూడవచ్చు. దానికి కావలసింది నేలమీద సుద్దముక్కతో ఒక గుర్తు, ఊత మీద పెన్సిల్‌తో ఇంకొకటి.